రంపం పట్టుకున్నవాడి చరిత్ర

1956 ఏప్రిల్ 9, సోమవారం రాత్రి. బీబీసీ వారి 'పనోరమా' కార్యక్రమం చివర్లో, కలకత్తా నుంచి వచ్చిన పి.సి. సర్కార్ ఒక పదిహేడేళ్ళ అమ్మాయిని బల్ల మీద పడుకోబెట్టి, కరెంటు రంపాన్ని ఆమె నడుము మీదికి దించాడు. రంపం ఆగాక ఆమె చేతులు రుద్దాడు, పిలిచాడు. ఆమె పలకలేదు. ముఖం మీద నల్లగుడ్డ కప్పాడు. సరిగ్గా అప్పుడే వ్యాఖ్యాత రిచర్డ్ డింబుల్బీ కెమెరా ముందుకొచ్చి కార్యక్రమం ముగిసిందని చెప్పేశాడు. తెర మీద పేర్లు పడ్డాయి. మరు నిమిషం నుంచి బీబీసీ టెలిఫోన్లు మోగుతూనే ఉన్నాయి: ఆ పిల్ల బతికుందా?

సమయం మించిపోవడంతో అలా ఆపేయాల్సి వచ్చిందని బీబీసీ సంజాయిషీ. సర్కార్ సమయం లెక్క తప్పే మనిషి కాదని మ్యాజిక్ తెలిసినవాళ్ళ గుసగుస. ఏదైతేనేం, మర్నాటి పేపర్లన్నీ ఆయన గురించే. లండన్ డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్లో ఆయన ప్రదర్శనలకి టికెట్లు దొరకని పరిస్థితి.

ఈ కథ చాలా చోట్ల చదివాను. ఎక్కడ చదివినా అది సర్కార్ తెలివి గురించిన కథే. వలసపాలన ముగిసిన తొమ్మిదేళ్ళకి లండన్ నడిబొడ్డున ఒక భారతీయుడు తెల్లవాళ్ళని హడలగొట్టిన కథ. అది నిజం కాదని నేననను. కానీ ఆ రాత్రి జనం ఫోన్లు చేసింది సర్కార్ గురించి కాదు. బల్ల మీది అమ్మాయి గురించి. ఆమె పేరు దీప్తి డే. ఆమె చచ్చిపోయిందని అంతమంది నమ్మారంటే ఆ నమ్మకాన్ని కలిగించింది ఎవరు? చేతులు రుద్దుతున్నా వేలు కదపకుండా, లైవ్ కెమెరాల ముందు, పక్కనే ఆగిన రంపంతో, శవంలా పడుకోగలిగిన మనిషి ఎవరు? చరిత్ర పుస్తకాల్లో ఆమె పేరు ఒక వాక్యంలో వచ్చి, తర్వాతి వాక్యానికి మాయమవుతుంది. ఆ మాయమవడం గురించే ఈ వ్యాసం.

*

ఈ ఐటమ్‌కి పుట్టినరోజు ఉంది. 1921 జనవరి 17, లండన్‌లోని ఫిన్స్‌బరీ పార్క్ ఎంపైర్. చేసినవాడు పి.టి. సెల్బిట్. అసలు పేరు పెర్సీ థామస్ టిబుల్స్. ఇంటిపేరుని వెనకనుంచి చదివి, రెండు 'బి'ల్లో ఒకటి తీసేసి రంగస్థలం పేరు చేసుకున్నాడు. బెట్టీ బార్కర్ అనే ఆవిడ మణికట్లకీ చీలమండలకీ మెడకీ తాళ్ళు కట్టి, ఆమెని శవపేటికలాంటి చెక్కపెట్టెలో ఉంచి, తాళ్ళ కొసల్ని ప్రేక్షకుల్లోంచి వచ్చినవాళ్ళ చేతికిచ్చారు. పెట్టెలోకి గాజుపలకలు దూర్చారు. తర్వాత పెద్ద రంపంతో పెట్టెని మధ్యకి కోశారు. తెరిచి చూస్తే మనిషి క్షేమం.

సెల్బిట్‌కి తను అమ్ముతున్నది ఏమిటో బాగా తెలుసు. ఆటకీ ఆటకీ మధ్య పనివాళ్ళు థియేటర్ బయట కాలవలో ఎర్రనీళ్ళ బకెట్లు కుమ్మరించేవాళ్ళు. ఓటు హక్కు ఉద్యమ నాయకురాలు క్రిస్టబెల్ పాంక్‌హర్స్ట్‌కి, వారానికి ఇరవై పౌండ్లు ఇస్తాం, వచ్చి పెట్టెలో పడుకోండి అని కబురు పెట్టాడు. ఆవిడ రానంది. రాదని సెల్బిట్‌కీ తెలిసే ఉంటుంది. ఆ కబురే ప్రకటన. ముప్ఫై దాటిన బ్రిటిష్ స్త్రీలకి ఓటు వచ్చి అప్పటికి మూడేళ్ళు కాలేదు.

కాబట్టి ఈ ఐటమ్‌ని స్త్రీల మీద కసిగా చదవడం తేలిక, సబబు కూడా. మ్యాజిక్ పరికరాల రూపకర్త, చరిత్రకారుడు జిమ్ స్టైన్‌మెయర్ తన 'హైడింగ్ ది ఎలిఫెంట్' (2003) పుస్తకంలో ఈ కాలాన్ని బాగా పట్టుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు లండన్ మ్యాజిక్ అంటే మాస్కెలిన్ కుటుంబం నడిపిన థియేటర్లో పెద్దమనుషుల వినోదం. యుద్ధం తర్వాత జనానికి ఆ మర్యాద సరిపోలేదు. ఒళ్ళు జలదరించాలి. పెట్టెలో ఇమడడానికి వీలైన బట్టలు కూడా అప్పుడే వచ్చాయి. విక్టోరియా కాలపు గౌన్లూ కార్సెట్లతో ఆ పని కుదిరేది కాదు.

పెట్టెలో స్త్రీయే ఎందుకన్న ప్రశ్నకి అమెరికాలో జవాబు దొరికింది. అదే ఏడాది జూన్‌లో న్యూయార్క్‌లో హోరేస్ గోల్డిన్ తన పద్ధతిలో ఈ ఐటమ్ మొదటిసారి చేసినప్పుడు పెట్టెలోకి పంపింది ఒక హోటల్ కుర్రాడినట. అంతగా పేలలేదు. స్త్రీని పడుకోబెట్టి, తలా చేతులూ కాళ్ళూ బయటికి కనపడేట్టు పెట్టి, రెండు ముక్కల్నీ విడదీసి చూపించాక దేశమంతా తిరిగింది. అంటే యంత్రం ఒకటే ఉన్నా కథ మారితే తప్ప జనం కదల్లేదు.

నా ఇబ్బంది ఇక్కడి నుంచి మొదలవుతుంది. 'స్త్రీ మీద హింస' అన్న చదువు సరైనదే కానీ సగమే సరైనది. ఎందుకంటే అది స్టేజీ మీద చెప్పిన కథని నమ్ముతోంది. అతను కోసేవాడు, ఆమె కోయించుకునేది అని పోస్టర్ చెప్పింది, విమర్శ కూడా అదే చెప్తోంది. కాకపోతే పోస్టర్ సంబరపడుతోంది, విమర్శ కోపగించుకుంటోంది. ఇద్దరూ ఆమెని చూస్తున్నది పెట్టె బయటనుంచే.

లోపల ఏం జరుగుతుందో ఇక్కడ చెప్పను. అది మెజీషియన్ల ఉప్పు తినేవాళ్ళ పొట్టకొట్టడం అవుతుంది, పైగా నా వాదనకి ఆ వివరం అక్కర్లేదు. ఒక్కటి చాలు: ఈ ఐటమ్‌లో రంపం పట్టుకున్నవాడు చేసేది దాదాపు రంపపు పనే. మాటలు చెప్తాడు, పెట్టె తిప్పుతాడు, కోస్తాడు. అసాధ్యమైన పని జరిగేది లోపల. సెకన్ల లెక్కన, చీకట్లో, ఇరుకులో, శరీరంతో. లోపలి మనిషి ఒక్క క్షణం ఆలస్యమైతే ఆట పోతుంది. సెల్బిట్‌కి జలుబు చేసి రాకపోతే ఇంకొకరు రంపం పట్టుకోవచ్చు. బెట్టీ బార్కర్ రాకపోతే ఆ రాత్రి మ్యాజిక్కే లేదు. అంటే ఆమె ఈ కథలో బాధితురాలు, ఈ పనిలో నిపుణురాలు. మొదటి మాట మనకి కనపడుతుంది. రెండోది కనపడకుండా చేయడమే ఈ ఐటమ్‌లో అసలు కనికట్టు.

*

ఇది 1921లో మొదలైన అలవాటేమీ కాదు. ఆధునిక మ్యాజిక్‌కి తండ్రి అనిపించుకున్న రాబేర్-ఉడాఁ 1847లో పారిస్‌లో తన చిన్నకొడుకుని గాల్లో అడ్డంగా నిలబెట్టాడు. ఈథర్ మత్తుమందు అప్పుడే వార్తల్లోకి వచ్చింది. పిల్లవాడికి ఈథర్ వాసన చూపించానని, అందుకే తేలికైపోయాడని చెప్పి, కర్ర మీద మోచెయ్యి ఆనించి పడుకోబెట్టేవాడు. కన్నకొడుకు ఆరోగ్యం పాడుచేస్తున్నావంటూ జనం ఉత్తరాలు రాశారని ఆయనే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు, కొంచెం గర్వంగానే. ఒక శరీరానికి ఏదో అవుతోందని భయపెట్టడం, ఆ భయం తెచ్చిన పేరు బయట నిలబడ్డవాడి ఖాతాలో వేసుకోవడం. సూత్రం అప్పటికే తయారు. పిల్లవాడి జాగాలో స్త్రీ వచ్చింది, అంతే.

1886లో బ్వాతియే ద కోల్తా ఒక స్త్రీని కుర్చీలో కూర్చోబెట్టి, గుడ్డ కప్పి, మాయం చేశాడు. పదేళ్ళకి, 1896లో, ఆ ఐటమ్‌నే జార్జ్ మెలియస్ సినిమాగా తీశాడు. మెలియస్ అప్పటికే రాబేర్-ఉడాఁ పేరిట ఉన్న థియేటర్‌కి యజమాని. సినిమాలో కుర్చీలో కూర్చుంది జహాన్ దాల్సీ. ఒకే ఐటమ్, రెండు పద్ధతులు. స్టేజీ మీద మాయమవ్వాలంటే ఆ స్త్రీ తన ఒంటితో ఏదో చేయాలి. సినిమాలో? కెమెరా ఆపారు, ఆవిడ లేచి పక్కకి వెళ్ళింది, కెమెరా మళ్ళీ తిప్పారు. మనం దీన్ని సినిమా ట్రిక్కులకి శ్రీకారం అని మెచ్చుకుంటాం. నిజమే. అయితే ఆ నిమిషంలోనే ఒక నైపుణ్యం అవసరం లేకుండా పోయింది. ఆ నైపుణ్యానికి అప్పటిదాకా పేరే లేదు కాబట్టి, పోయిందని కూడా ఎవరూ రాయలేదు.

పేరు ఎవరిది, హక్కు ఎవరిది అన్న గొడవ మాత్రం గోల్డిన్ కోర్టుదాకా తీసుకెళ్ళాడు. తన పెట్టెకి 1923లో అమెరికా పేటెంట్ తెచ్చుకున్నాడు. పేటెంట్లు చదవడం నా ఉద్యోగంలో అప్పుడప్పుడూ తప్పదు కాబట్టి ఇందులోని తమాషా నాకు బాగా తెలుసు. హక్కు కావాలంటే రహస్యం రాసివ్వాలి. రాసిచ్చాక అది రహస్యం కాదు. 1933లో కామెల్ సిగరెట్ల కంపెనీ తన ప్రకటనల్లో ఆ గుట్టు బొమ్మలేసి మరీ చెప్పేసింది. గోల్డిన్ దావా వేశాడు, 1938లో ఓడిపోయాడు. నువ్వే పేటెంట్‌లో బయటపెట్టావు కదా అంది కోర్టు. ఈ గొడవలో నాకు ఆసక్తి కలిగించేది ఇంకోటి. పదిహేనేళ్ళపాటు పెట్టె ఎవరిదని కొట్టుకున్నారు: సెల్బిట్‌దా, గోల్డిన్‌దా, సిగరెట్ కంపెనీదా. పెట్టెలోకి దిగే మనిషి సాధన ఎవరిదన్న ప్రశ్న ఏ కాగితంలోనూ రావడానికి వీల్లేదు. చట్టానికి పెట్టె అర్థమవుతుంది. ఒళ్ళు ఎలా ముడుచుకోవాలో, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో అర్థం కాదు.

*

మన తరానికి మ్యాజిక్ చరిత్ర అంటే ఎక్కువగా క్రిస్టొఫర్ నోలన్ తీసిన 'ది ప్రెస్టీజ్' (2006). క్రిస్టొఫర్ ప్రీస్ట్ 1995లో రాసిన నవల దీనికి మూలం. మ్యాజిక్‌కి మూల్యం ఎవరో ఒకరు చెల్లిస్తారన్నది సినిమా సారాంశం. పంజరంలో పిచ్చుక మాయమై మళ్ళీ వచ్చినప్పుడు అందరూ చప్పట్లు కొడితే, ఒక చిన్నపిల్లాడు మాత్రం చచ్చిపోయిన మొదటి పిచ్చుక కోసం ఏడుస్తాడు. చాలా మంచి సన్నివేశం. కానీ ఆ పిల్లాడికి కనపడినంత కూడా సినిమాకి కనపడలేదేమో అనిపిస్తుంది. జూలియా నీళ్ళతొట్టెలో మునిగి చనిపోతుంది. సారా ఉరి పోసుకుంటుంది. ఒలీవియాని ఒక మెజీషియన్ ఇంకో మెజీషియన్ దగ్గరికి గూఢచారిగా పంపుతాడు. ఈ ముగ్గురి జీవితాలూ ఆ ఇద్దరు మగవాళ్ళ పంతానికి వంటచెరుకు. జూలియా చావు మనకి తెలిసేది ఆంజియర్ దుఃఖంగానే. రోజూ చేతులు కట్టించుకుని నీళ్ళలోకి దిగే ఆమె పనితనం ఎలాంటిదో చూపించే తీరిక కథకి లేదు.

ఈ సినిమాలోనే ఒక సన్నివేశం ఉంది, నా వాదనంతా అందులో ఉంది. ఆంజియర్ ఒక చోట మాయమై ఇంకో చోట ప్రత్యక్షమయ్యే ఐటమ్ కోసం, తనలాగే ఉండే ఒక తాగుబోతు నటుణ్ణి పెట్టుకుంటాడు. స్టేజీ మీద తలుపులోంచి కింద గదిలోకి పడేది ఆంజియర్. పైన ప్రత్యక్షమై చప్పట్లు అందుకునేది ఆ నటుడు. స్టేజీ కింద చీకట్లో, తలమీద మోగుతున్న చప్పట్లకి ఆంజియర్ ఒక్కడే నిలబడి వంగి నమస్కారం పెడతాడు. హ్యూ జాక్‌మన్ ముఖంలో ఆ అవమానం చూస్తే జాలేస్తుంది. ఈ ఏర్పాటు తను భరించలేనంటాడు. సినిమా సగం కథ ఆ భరించలేకపోవడంలోంచే పుడుతుంది.

అతను భరించలేకపోయింది ఏమిటి? పని తను చేస్తే పేరు ఇంకొకరికి వెళ్ళడం. చప్పట్లు గోడ అవతలనుంచి వినడం. పెట్టెలోని స్త్రీలకి అది రోజువారీ ఉద్యోగం. మగవాడు ఆ గదిలోకి దిగితే విషాదకావ్యం అయింది. జూలియాకి అదే స్థితి అయినా దాన్ని స్థితిగా కూడా గుర్తించలేదు. నోలన్ ఇది కావాలని పెట్టాడని నేననను. పెట్టి ఉంటే సినిమా ఇంకా గొప్పదయ్యేది. అయినా ఆ ఒక్క షాట్ వల్ల, పెట్టె లోపల ఎలా ఉంటుందో మనకి తెలిసింది.

*

మన సాహిత్యంలో కూడా ఈ పెట్టె ఉంది, చెక్కది కాదంతే. కొరవి గోపరాజు 15వ శతాబ్దంలో తెలుగు చేసిన 'సింహాసన ద్వాత్రింశిక'లో ఒక ఐంద్రజాలికుడి కథ వస్తుంది. వీరుడి వేషంలో భార్యతో కలిసి రాజసభకి వస్తాడు. దేవతల తరఫున యుద్ధానికి పోతున్నాను, ఈమెని కాపాడమని చెప్పి ఆకాశంలోకి వెళ్ళిపోతాడు. కాసేపటికి పైనుంచి తెగిన కాళ్ళూ చేతులూ తలా పడతాయి. ఆమె ఏడ్చి, ఆ అవయవాలతో సహా మంటల్లో దూకుతుంది. అంతలో వాడు నిక్షేపంగా తిరిగొచ్చి, నా భార్య ఏదని రాజుని అడుగుతాడు. రాజుకి నోట మాట రాదు. చివరికి అదంతా ఇంద్రజాలమని తేలుతుంది, ఆమె కూడా వస్తుంది, రాజు మెచ్చి బహుమానాలు ఇస్తాడు.

దీన్ని మెజీషియన్ కళ్ళతో చదివి చూడండి. కథలో ఎక్కువభాగం అతను సభలో లేనే లేడు. పైన ఎక్కడో ఉన్నాడు. సభలో ఉన్నది ఆమె ఒక్కతే. ఆమె ఏడుపు నిజంగా లేకపోతే తెగిపడ్డ తల ఉత్త బొమ్మ. మంటల్లోకి నడిచింది ఆమె, మంటల్లోంచి తప్పుకోవలసిందీ ఆమే. రాజుని సిగ్గుపడేలా చేసిన నటన మొత్తం ఆమెది. కథకి పేరు ఐంద్రజాలికుడిది, బహుమానం ఐంద్రజాలికుడిది. అయిదొందల ఏళ్ళుగా మనం దాన్ని ఐంద్రజాలికుడి కథ అనే చెప్పుకుంటున్నాం.

అలా అని లోపలివాళ్ళు ఎప్పుడూ లోపలే ఉండిపోలేదు. అలెగ్జాండర్ హెర్మన్ అమెరికాలో పెద్ద పేరున్న మెజీషియన్. అతని భార్య అడిలేడ్ ఏళ్ళ తరబడి అతని ఐటమ్స్‌లో గాల్లో తేలింది, మంటల్లో 'కాలిపోయింది'. 1896 డిసెంబర్‌లో అతను హఠాత్తుగా చనిపోయాడు. అప్పులు మిగిలాయి, కంపెనీ మిగిలింది. నెల తిరిగేసరికి, 1897 జనవరిలో, న్యూయార్క్ మెట్రొపాలిటన్ ఒపెరా హౌస్‌లో అడిలేడ్ ఆరు తుపాకుల ఎదుట నిలబడి తూటాలు పట్టుకునే ఐటమ్ చేసింది. మెజీషియన్లే జంకే ఐటమ్ అది; తర్వాత 1918లో చంగ్ లింగ్ సూ లండన్ స్టేజీ మీద అది చేస్తూనే తూటా తగిలి చనిపోయాడు. అక్కడినుంచి మూడు దశాబ్దాలు ఆవిడ తన పేరుతో, మ్యాజిక్ మహారాణి అనిపించుకుంటూ ఆడింది.

అడిలేడ్‌ని 'భర్త పోయినా ధైర్యంగా నిలబడ్డ వితంతువు' అని రాస్తుంటారు. ఆ మాటలో మెచ్చుకోలు ఉంది, కానీ పొరపాటు చదువు కూడా ఉంది. నెల రోజుల్లో ఎవరూ మెజీషియన్ కాలేరు. ఆవిడ అప్పటికే మెజీషియన్. జనం చూసే దిక్కు మారింది, అంతే.

*

సర్కార్ దగ్గరికి వస్తాను. ఆయన మీద నాకు గౌరవం తగ్గలేదు. పాశ్చాత్య మెజీషియన్లు దశాబ్దాలపాటు తూర్పు దేశాల వేషాలు వేసుకుని డబ్బు చేసుకున్నారు. సెల్బిట్ కూడా ఈజిప్షియన్ వేషంలో ఆడినవాడే, చంగ్ లింగ్ సూ అసలు పేరు విలియం రాబిన్సన్. అలాంటి రంగంలోకి సర్కార్ మహారాజు తలపాగాతో వెళ్ళి, లండన్‌లో పుట్టిన ఐటమ్‌నే లండన్‌కి తిప్పికొట్టాడు. వలసదేశపు కళాకారుడిగా పేరు ఎవరికి దక్కుతుందన్న ప్రశ్న ఆయనకి బాగా తెలుసు. జీవితమంతా దానితోనే పోట్లాడాడు. అదే ప్రశ్నని ఆయన బల్ల మీద పడుకున్న అమ్మాయి తరఫున అడగడం ఆయన్ని తక్కువ చేయడం కాదు. ఆ పోట్లాటని ఇంకో అడుగు ముందుకి తీసుకెళ్ళడం.

ఈ చదువు మ్యాజిక్ ఒక్కదానికే పరిమితం కాదని కూడా అనుకుంటాను. మన విమర్శ దర్శకుడి గురించి రాస్తుంది, కవి గురించి రాస్తుంది. పెట్టె బయట నిలబడి మాట్లాడేవాళ్ళ గురించి రాయడం తేలిక, ఎందుకంటే మాటలు వాళ్ళ దగ్గర ఉంటాయి. స్టేజీ మీద ప్రాడక్ట్ డెమో ఇచ్చేవాడికీ, ఆ పూట సర్వర్ పడిపోకుండా రాత్రంతా కూచున్నవాళ్ళకీ మధ్య తేడా నా వృత్తిలో అందరికీ తెలిసిందే. మ్యాజిక్ ఆ తేడాని దాచడాన్నే ఒక కళ చేసింది కాబట్టి, అక్కడ అది మరింత స్పష్టంగా కనపడుతుంది.

సర్కార్ కొడుకు పి.సి. సర్కార్ జూనియర్ కూతురు మనేకా సర్కార్ ఇప్పుడు మెజీషియన్. ఆ ఇంట్లో స్టేజీ మధ్యలోకి ఒక స్త్రీ వచ్చింది. మంచి మాటే. అయితే రంపం స్త్రీ చేతికి వస్తే లెక్క సరిపోయిందనుకోను. అప్పుడు కూడా పెట్టెలో ఎవరో ఒకరు ఉంటారు. ఈసారి సర్కార్ 'పనోరమా' గురించి ఎక్కడైనా చదివితే, ఆ అమ్మాయి ఎంతసేపు కదలకుండా ఉందో లెక్కపెట్టండి. చేతులు రుద్దుతున్నారు. పేరు పెట్టి పిలుస్తున్నారు. ముఖం మీద నల్లగుడ్డ పడింది. దేశమంతా ఊపిరి బిగబట్టింది, ఆమెతో సహా.